కంటికి చాలిన వెలుగు

3, సోమవారం

నాటకాల లైటింగ్ క్యూలు, అంటే ఏ దీపం ఎప్పుడు వేయాలో ఎప్పుడు ఆర్పాలో, రాసుకునే పుస్తకం ఇది. ఇంకా సగం ఖాళీగానే ఉంది. థియేటర్ కప్పు మరమ్మతుకి మూశారు కాబట్టి ఇప్పట్లో రాయడానికి క్యూలు కూడా లేవు.

నిన్న మా ఆవిడ స్టూలు మీద నుంచి పడింది. నడుం దగ్గర వెన్నుపూస ఒకటి చిట్లింది. ఆపరేషన్ అక్కర్లేదట, ఆరు వారాలు వెల్లకిలా కదలకుండా పడుకోవాలట. "ఆరు వారాలే కదండీ" అన్నాడు డాక్టరు. ఆయనకేం, ఆయన నిలబడే ఉన్నాడు.

పడింది దేనికోసం? ఆ వంకాయ రంగు దీపాల కోసం. వెనక గదిలో టమాటా నారు మీద వేలాడదీసిన దీపాలను కాస్త కిందికి దించబోయింది. నన్ను పిలిస్తే దించనా? పక్క గదిలోనే ఉన్నాను. కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాను. ఇరవై ఆరేళ్ళు నిచ్చెనలెక్కి దీపాలు దించిన మనిషిని.

4, మంగళవారం

మందుల మత్తు దిగాక మొదట అడిగింది నొప్పి గురించి కాదు, నారు గురించి. ఆవిడ పని చేసేది విత్తన పరిశోధన కేంద్రంలో. మట్టిలో ఉండే ఒక తెగులుకి టమాటా మొక్క నిలువునా వాడిపోతుంది కదా, దానికి వాడని రకం కోసం ఆరేళ్ళ నుంచి ఈ మొక్కనీ ఆ మొక్కనీ కలుపుతోంది. కేంద్రంలో ఎవరికీ దాని మీద నమ్మకం లేదు. అందుకే నారు మా ఇంటి వెనక గదిలో పెరుగుతోంది. పోయినేడు దాచిన విత్తనం ఎలుకల పాలైంది. మిగిలినవి అరవై నాలుగు గింజలు. అరవై నాలుగూ విత్తేసింది.

"వచ్చే నెల తొమ్మిదో తారీకున, ఇవి వాడతాయో లేదో పరీక్షించడానికి, తెగులు మట్టి మడి నాకిస్తారు. నలభై మొక్కలు కావాలి. ఆ రోజు నాటకపోతే మడి ఇంకొకళ్ళకి పోతుంది, ఫైలు మూసేస్తారు. నలభై మొక్కలు అప్పజెప్పండి చాలు. నా నడుం సంగతి డాక్టరు చూసుకుంటాడు" అంది.

"దానికేముంది?" అన్నాను. 

"దీపాల జోలికి మాత్రం వెళ్ళకండి."

"నాకు చెప్తున్నావా దీపాల గురించి!" అన్నాను. పక్కన కూర్చున్న వదిన, అంటే మా ఆవిడ అక్క, ముసిముసిగా నవ్వింది.

5, బుధవారం

యాభై ఎనిమిది మొలకెత్తాయి. ఆరు మొలవలేదు, అవి నా లెక్కలోకి రావు.

ఆ గదిలో ఎక్కువసేపు నిలబడలేను. ఆ రంగులో ఆకు నల్లగా కనిపిస్తుంది, మట్టి నల్లగా కనిపిస్తుంది, నా చెయ్యి పీనుగు చెయ్యిలా ఉంది. మొక్కకి జబ్బు చేసినా తెలిసి చావదు. పైగా ఆవిడ పడింది వీటి కిందే.

వెలుగు కొలిచే నా మీటరు తెచ్చి పెట్టాను. మూడు వేల లక్స్. ఇంత కష్టపడి, నడుం విరగ్గొట్టుకుని, మూడు వేలు! థియేటర్ నుంచి తెచ్చి మూల పెట్టిన నా తెల్ల ఫ్లడ్ దీపాలు రెండు పైకప్పుకి బిగించి కొలిస్తే నాలుగున్నర వేలు. ఒకటిన్నర రెట్లు! గది మొత్తం పెళ్ళివారిల్లులా వెలిగిపోయింది. వంకాయ దీపాలు పీకి బీరువా మీద పడేశాను. టైమరు కూడా తీసేశాను, మనిషినున్నాను కదా. పొద్దున్న ఏడింటికి వేసి సాయంత్రం ఏడింటికి ఆర్పుతాను. మనకైనా పన్నెండు గంటల పగలు చాలు.

దీపాల జోలికి వెళ్ళొద్దంది. నేను జోలికి వెళ్ళలేదు, బాగు చేశాను.

8, శనివారం

బాగున్నాయి. బాగున్నాయని చెప్పాను.

10, సోమవారం

చకచకా లేస్తున్నాయి. చూస్తుండగానే పెరుగుతున్నట్టుంది. నా దీపాలు మరి.

12, బుధవారం

ఆసుపత్రిలో ఆవిడ మంచానికి సరిగ్గా పైన పలక దీపం ఒకటుంది. తల తిప్పకూడదు, పక్కకి ఒత్తిగిల్లకూడదు, పదిరోజులుగా దాన్నే చూస్తోంది. కళ్ళు మండుతున్నాయని నర్సుతో అంటే చుక్కల మందు వేసిందట. మందెందుకు? దిండు మీద మీటరు పెట్టాను. ఏడువందల లక్స్. మనిషి పడుకుని చూడాల్సిన వెలుగా అది? గదిలో ఎవరైనా చదువుకోవాలన్నా అంత అక్కర్లేదు. వార్డు బాయ్‌ని బతిమాలి మంచాన్ని మూరెడు పక్కకి జరిపించి, దీపానికి నా పాత తెల్ల ఫిల్టరు కాగితం అంటించాను. నూట ఇరవైకి దిగింది.

"అబ్బ" అని కళ్ళు మూసుకుంది. కంటి చివర నుంచి నీళ్ళు చెవిలోకి కారాయి. వదిన తుడిచింది. ఆ "అబ్బ" కోసం ఇంకో నాలుగు దీపాలైనా మార్చేవాణ్ణి.

14, శుక్రవారం

ఈరోజు శుభవార్త తీసుకెళ్ళాను. "నీ మొక్కలు బెత్తెడు దాటాయి!" అన్నాను. నాలుగు వేళ్ళు చూపించి మరీ చెప్పాను.

"ఆకులెన్ని?" అంది.

"రెండు. రెండు చొప్పున ఉన్నాయి."

"కాండం ఎంత లావుంది?"

"నాజూగ్గా ఉంది. దారంలా."

"సరే. అలసటగా ఉంది, పడుకుంటా" అంది. మందుల ప్రభావం అనుకుంటా. సంతోషిస్తుందనుకున్నాను.

15, శనివారం

పొద్దున్న చూస్తే ఏడు మొక్కలు సొమ్మసిల్లి పక్కకి పడి ఉన్నాయి. మిగతావి దీపం వైపు మెడలు సాచి ఊగుతున్నాయి. నీళ్ళు ఎక్కువ పోశాను. పుల్లలు గుచ్చి దారం కట్టాలి.

పదింటికి తలుపు చప్పుడైంది. బఠాణీ గారు. అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో, కేంద్రంలో ముప్ఫై ఏళ్ళ నుంచి బఠాణీల మీదే పని చేస్తున్నాడని అందరూ అలాగే పిలుస్తారు. మనిషి కూడా గుండ్రంగా ఉంటాడు. "ఇటుగా వెళ్తూ ఈ నారు రిజిస్టరు కోసం వచ్చా" అన్నాడు. రిజిస్టరు ఎక్కడుందో అడక్కుండానే వెనక గదిలోకి నడిచాడు.

గుమ్మంలోనే ఆగిపోయాడు. "అయ్యో అయ్యో అయ్యో. ఎవరు మార్చారు ఈ దీపాలు?"

"నేనే. ఇదివరకు మూడు వేలుండేది, ఇప్పుడు నాలుగున్నర వేలు" అని మీటరు చూపించాను.

ఆయన నా మీటరుని చచ్చిన ఎలుకని చూసినట్టు చూశాడు. సంచీలోంచి ఇంకో మీటరు తీశాడు. చిన్న కడ్డీ, చివర తెల్లటి బిళ్ళ. మొక్కల మధ్య పెట్టి అంకె చదివాడు. అరవై నాలుగు.

బీరువా మీది దీపాలు ఆయనే దింపాడు. పాత కొక్కేలకి, మొక్కల మీద జానెడెత్తున తగిలించి, మళ్ళీ కడ్డీ పెట్టాడు. రెండు వందల ఐదు.

"ఇది పాడైందేమో" అన్నాను.

"మీ మీటరు కంటి పక్షం మాట్లాడుతుందండీ" అన్నాడు. "మన కంటికి ఆకుపచ్చ, పసుపు వెలుగు బాగా ఆనుతుంది. నీలం, ఎరుపు అంతగా ఆనవు. మీ మీటరు కూడా కన్ను ఎలా చూస్తుందో అలాగే తూకం వేస్తుంది. నటి ముఖం జనానికి కనిపిస్తుందా లేదా అని తెలుసుకోవాలంటే అది సరిపోతుంది. ఈ పసిదానికి మీకు కనిపించడంతో పనేంటి? దానికి తిండి కావాలి. వెలుగంటే రేణువులు. ఆకు మీద సెకనుకి ఎన్ని రేణువులు పడుతున్నాయో ఈ కడ్డీ లెక్కపెడుతుంది, ఎరుపుదైనా నీలందైనా ఒకటే లెక్క. రేణువులు కోటానుకోట్లు కాబట్టి మోళ్ళు, మైక్రోమోళ్ళు అంటాం. గుడ్లని డజన్లలో చెప్పుకోమూ? అలాగ."

నాకు ఇంకా నమ్మకం కుదరలేదు. "మరి మొక్కలు అంత పొడుగెదిగాయి కదా?"

"ఆకలికి ఎదిగాయి. వెలుగెక్కడుందా అని వెతుక్కుంటూ మెడ సాచాయి" అన్నాడు. "మీరు దీపం ఎన్ని గంటలు వేశారు?"

"పన్నెండు."

జేబులోంచి కాగితం ముక్క తీసి గుణించాడు. "వాన ఎంత జోరుగా కురిసిందన్నది ఒకటి, రోజంతా కలిపి తొట్టిలో ఎంత పడిందన్నది ఇంకోటి. మొక్కకి రెండోది ముఖ్యం. ఈ పిల్లలకి రోజుకి పదకొండు, పన్నెండు మోళ్ళు కావాలి. ఆవిడ పెట్టిన లెక్క అది, రెండు వందల చొప్పున పదహారు గంటలు. మీరిచ్చింది మూడుకి కూడా తక్కువ."

పది రోజులు. పది రోజులు పస్తులు పెట్టి, పెరుగుతున్నాయని మురిసిపోయాను. ఛీ.

"ఆవిడకి చెప్పకండి" అన్నాను.

"నేనెందుకు చెప్తానండీ?" అన్నాడు బఠాణీ గారు, టైమరు బిగిస్తూ. రిజిస్టరు తీసుకోవడం మర్చిపోయి వెళ్ళాడు.

16, ఆదివారం

ఎలా ఉన్నాయంది. బాగున్నాయన్నాను.

18, మంగళవారం

బఠాణీ గారు కడ్డీ మీటరు నా దగ్గరే వదిలాడు. నాకు మనసొప్పక పరీక్ష చేశాను. ఒకే తెల్ల దీపం ముందు నా రంగు ఫిల్టర్లు ఒక్కొక్కటీ పెట్టి, రెండు మీటర్లతోనూ కొలిచాను. ఆకుపచ్చ కాగితానికి నా మీటరు పర్వాలేదంది. ముదురు నీలానికి దాదాపు చేతులెత్తేసింది. ఎరుపుకీ అంతే. కడ్డీ అంకె కూడా తగ్గింది కానీ అంత ఘోరంగా కాదు.

స్టేజి మీద నీలం కాగితం వెలుగుని మింగేస్తుందని ప్రతి కొత్తవాడికీ నేనే చెప్తాను. మింగేది కొంత కాగితం, కొంత నా కన్ను. ఇరవై ఆరేళ్ళలో ఆ రెండో సగం నాకు తట్టలేదు. ఎందుకు తడుతుంది? నా నాటకాలు చూడటానికి టమాటాలు ఎప్పుడూ రాలేదు.

కడ్డీ మీటరు కిటికీ అవతల ఎండలో పెట్టాను. పందొమ్మిది వందలు! దీపాల వాళ్ళం ఊరికే మీసాలు దువ్వుతాం.

20, గురువారం

బఠాణీ గారు మళ్ళీ వచ్చాడు, రిజిస్టరు కోసమే. మొక్కలు నలభై ఎనిమిది. మూడు అకారణంగా పోయాయి.

"ఇప్పుడు వీటిని పూడ్చేద్దాం" అన్నాడు. ట్రేకి అడ్డంగా నిలబడ్డాను. చంపడం కాదట. చిన్న కుండీల్లోకి మార్చేటప్పుడు ఆకుల మెడ దాకా మట్టిలో దించెయ్యాలట. టమాటాకి కాండం నుంచి కూడా వేళ్ళు పుడతాయి, సాగిన కాడంతా వేరైపోతుందట. "మీరు చేసిన పొడుగు ఊరికే పోదులెండి" అన్నాడు.

నలభై ఎనిమిదీ నా చేతులతో పూడ్చాను. చాలా రోజుల తర్వాత ఊపిరి ఆడింది.

21, శుక్రవారం

ఎలా ఉన్నాయంది. బాగున్నాయన్నాను. ఈసారి సగం నిజం.

వదిన నన్ను ఎగాదిగా చూసి, "మరిదిగారూ, మీ మొహం ఏంటి అలా పాలిపోయింది? మీకు కూడా దీపం పెట్టమంటారా?" అంది. మా ఆవిడ నవ్వితే నడుం నొప్పెట్టి "అమ్మా" అంది. వదిన ఎప్పుడూ ఇంతే, సమయం సందర్భం ఉండదు.

25, మంగళవారం

నలభై నాలుగు. నారుకుళ్ళు. మొదలు దగ్గర నల్లబడి నడుములు వాలుస్తున్నాయి. బఠాణీ గారు మందు ఇచ్చాడు, నీళ్ళు తగ్గించమని తిట్టాడు. "ప్రేమంతా నీళ్ళతోనే చూపించాలా?" అన్నాడు.

27, గురువారం

నిజమైన ఆకులు! గింజతో వచ్చే మొదటి రెండూ కాదు, రంపపు అంచులున్న ఆకులు. తెల్ల టార్చి వేసి చూశాను, ముదురు ఆకుపచ్చ. కాండం కూడా పెన్సిలు ములికి లాగా గట్టిపడుతోంది. ముట్టుకుంటే చేతికి టమాటా వాసన. ఆసుపత్రికి వెళ్తే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

ఆ క్షణంలో చెప్పేసి ఉండాల్సింది. చెప్పలేదు. సంతోషంగా ఉన్న మనిషిని ఎందుకు కష్టపెట్టాలి అనుకున్నాను. నా గురించే అనుకున్నానని నాకు తెలుసు.

5, శుక్రవారం

నలభై! సరిగ్గా నలభై. వారం నుంచి ఒక్కటి కూడా పోలేదు. ఇంక నాలుగు రోజులు. ఇక చెప్పాల్సిన అవసరం కూడా లేదు, నలభై అడిగింది, నలభై ఇస్తున్నాను.

6, శనివారం

ట్రే తిప్పబోతే ఒకటి నా మోచేతికి తగిలి పుటుక్కున విరిగింది. సాయంత్రానికి మూలనున్నది ఇంకొకటి వాలిపోయింది.

ముప్ఫై ఎనిమిది.

7, ఆదివారం

పొద్దున్న బఠాణీ గారు వచ్చి మిగిలిన మందు బుడ్డీ పట్టుకెళ్ళాడు. రిజిస్టర్లో ఏదో రాశాడు. మొక్కలు లెక్కపెట్టాడో లేదో తెలియదు. నేను అడగలేదు.

మధ్యాహ్నం వీధి చివర నర్సరీకి వెళ్ళాను. అక్కడ టమాటా నారు ఉంటుందని నాకు తెలుసు. రెండు తెచ్చాను. అదే ఎత్తు, అదే ఆకులు. ట్రేలో పెట్టాను. నలభై.

పెట్టేముందు అలవాటు కొద్దీ ఆ రెండు కుండీల అడుగున తెల్ల టేపు ముక్క అంటించాను, నటులు నిలబడాల్సిన చోట స్టేజి మీద అంటిస్తామే, ఆ టేపు. వెనక్కి జరిగి చూస్తే ఏవి రెండో నాకే తెలియలేదు. ఇంకెవరికి తెలుస్తుంది?

అన్నం సహించలేదు.

8, సోమవారం

మళ్ళీ వెళ్ళి చూశాను. ఆ రెండూ తెగులు మట్టిలో వాడిపోతే, "ఈ రకం కూడా వాడింది" అని రాస్తారు. ఆరేళ్ళ పని మూల పడుతుంది, రెండు అంగడి మొక్కల వల్ల. ట్రే తిప్పి టేపు వెతికి, రెండూ బయటికి తీసి వరండాలో పెట్టాను.

నాలుగింటికి ఆసుపత్రికి వెళ్ళాను. వదిన ఏం గ్రహించిందో ఏమో, ఫ్లాస్కు పట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. స్టూలు మంచానికి దగ్గరగా లాక్కుని, ఆవిడకి కనపడేలా కొంచెం ముందుకి వంగి, మొత్తం చెప్పేశాను. దీపాలు పీకింది, లక్స్ లెక్క, పన్నెండు గంటలు, బెత్తెడు, పూడ్చింది, విరగ్గొట్టింది. "ముప్ఫై ఎనిమిదే ఉన్నాయి. నన్నేమన్నా అను" అన్నాను.

"తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"బెత్తెడు అని నాలుగు వేళ్ళు చూపించారు చూడండి, ఆ రోజే తెలుసు. రెండాకుల నారు అంత పొడుగుంటే దానికి వెలుగు చాలట్లేదని గుడ్డివాడికైనా తెలుస్తుంది. మీరలా గుమ్మం దాటగానే బఠాణీ గారికి ఫోన్ చేయించా."

"ఆయన చెప్పనన్నాడే!"

"ఆయన మీకు అబద్ధం చెప్పలేదు. నేను చెప్పేశాక ఆయనింక నాకు చెప్పేదేముంది?" అంది. నవ్వబోయి నడుం పట్టుకుంది. "నిన్న కూడా ముప్ఫై ఎనిమిది అని చెప్పాడు."

"మరి ఇన్నాళ్ళూ నన్నెందుకు అడగలేదు?"

"రోజూ అడిగాగా, ఎలా ఉన్నాయని."

తల దించుకున్నాను. చిన్నప్పుడు కూడా ఇంత సిగ్గు పడలేదు. "రెండు తక్కువయ్యాయి కదే. మడి పోతుందా?"

"వరసకి పద్దెనిమిది, రెండు వరసలు. ముప్ఫై ఆరు చాలు. దారిలో చచ్చేవాటికని నాలుగు కలిపి నలభై అన్నా. కాగితాల్లో కూడా ముప్ఫై ఆరే ఉంది."

అప్పుడు వరండాలో ఉన్న రెండు మొక్కల సంగతి కూడా చెప్పాను. అది చెప్పకుండా ఇంటికి వెళ్ళలేకపోయాను. టేపు సంగతితో సహా చెప్పాను.

ఈసారి ఆవిడ నవ్వలేదు. చెయ్యి చాపి నా వేళ్ళు పట్టుకుంది.

"రేపు బఠాణీ గారు నాకు ఫోన్ చేసి మొక్కలు నలభై వచ్చాయని చెప్పి ఉంటే, సరేనండీ అనేదాన్ని" అంది. "మిమ్మల్ని ఒక్క మాట కూడా అనేదాన్ని కాదు. ఎలా ఉన్నాయని మిమ్మల్ని ఇంకెప్పుడూ అడిగేదాన్ని కూడా కాదు. మొక్కల గురించే కాదు, దేని గురించీ."

9, మంగళవారం

ఆరున్నరకి వ్యాను వచ్చింది. ముప్ఫై ఎనిమిదీ ఎక్కించి నేనూ ఎక్కాను. ఒకటి దారిలో పోయింది, ముప్ఫై ఏడు దిగాయి. ముప్ఫై ఆరు నాటాం. మిగిలిన ఒక్కదాన్నీ బఠాణీ గారు మడి గట్టు మీద మంచి మట్టిలో పెట్టాడు.

అక్కడి నుంచే ఫోన్ చేశాను. "ఎలా ఉన్నాయి?" అంది.

"ఎండకి తలలు వాల్చాయి. నాలుగైదు ఆకులు మాడాయి. ఒకదాని వేరు నాటేటప్పుడు నా చేతిలోనే తెగింది, అది బతుకుతుందో లేదో తెలీదు. మిగతావి నిలబడ్డాయి."

"ఊఁ" అంది. "ఇంకా చెప్పండి."